వీణ వెనుక గుయ్‌మనే మోత: ట్యూబు ప్రీయాంప్‌లో హమ్ ఎందుకు వస్తుంది, ఎలా కనిపెట్టాలి?

స్కూలు వార్షికోత్సవంలో మైకు ఆన్ చేయగానే, ఎవరూ మాట్లాడకముందే స్పీకర్లలో నుంచి సన్నగా 'గుయ్ఁ...' అని ఒక మోత వినిపించడం మీరందరూ గమనించే ఉంటారు. దాన్ని 'హమ్' అంటారు. ప్రసంగం మొదలైతే ఎవరూ దాన్ని పట్టించుకోరు. కానీ వీణ, మాండలిన్, గిటారు వంటి తంతివాద్యాలను వాయించేటప్పుడు మాత్రం ఆ మోత మొత్తం కచేరీని పాడుచేస్తుంది. తీగ మీటిన తరువాత నాదం మెల్లగా సన్నబడుతూ పోవడమే ఈ వాద్యాల అందం. ఆ సన్నబడే చోటే హమ్ పైకి తేలుతుంది.

ఈ మోత ఎక్కడిది, ఏయే దారుల్లో వస్తుంది, పెట్టె మూత తెరవకుండానే కారణాన్ని ఎంతవరకు పట్టుకోవచ్చు అన్నది ఈ వ్యాసంలో చెప్పుకుందాం. పదో తరగతి వారు చదివే ఇంటి విద్యుత్ వలయాల పాఠానికి, సంగీతం పీరియడుకు ఇది ఒకేసారి పనికొచ్చే విషయం.

మోతకు కూడా ఒక శ్రుతి ఉంది

మన ఇళ్లకు వచ్చే విద్యుత్తు ఏకాంతర విద్యుత్తు, అంటే ఏ.సి. దాని వోల్టేజి 230. అది సెకనుకు 50 సార్లు ముందుకూ వెనక్కూ ఊగుతుంది. దీన్నే 50 హెర్ట్జ్ అంటాము. అమెరికాలో ఇది 60 హెర్ట్జ్. జపాన్‌లో విచిత్రంగా దేశంలో ఒక సగం 50, ఇంకొక సగం 60. కోల్‌కతాలో విద్యుత్ సరఫరా 1899లోనే మొదలైంది. శతాబ్దం దాటిన ఈ నగరపు వైర్ల కథ వేరే వ్యాసానికి సరిపోతుంది. మనకు ఇక్కడ కావలసిందల్లా ఆ 50 అనే అంకె.

సెకనుకు 50 సార్లు ఊగేదేదైనా స్పీకరులోకి చేరితే, అది ఒక స్వరంగా వినిపిస్తుంది. పాశ్చాత్య పద్ధతిలో 49 హెర్ట్జ్ దగ్గర 'జి' అనే స్వరం ఉంది. మన హమ్ దానికంటే కొద్దిగా ఎక్కువ. దాని పై స్థాయి 100 హెర్ట్జ్. ఆ మోత కూడా 'జి' (98 హెర్ట్జ్) కంటే కొంచెం పైనే ఉంటుంది. అంటే హమ్ అనేది మనం పెట్టుకోని తంబురా. దానికి బిరడాలు లేవు, మన శ్రుతికి సర్దుకోదు.

ఒకటి శ్రుతిలో, అంటే 'సి'లో పాడేవారికి ఈ మోత పంచమానికి చాలా దగ్గరగా వచ్చి, పంచమం కాకుండా పోతుంది. మూడు శ్రుతిలో, అంటే 'ఇ'లో వీణ శ్రుతి చేసుకుంటే, సాధారణ గాంధారానికి కాస్త పైన, అంతర గాంధారానికి కింద పడుతుంది. అంతర గాంధారం పలికే మోహన రాగం వాయిస్తుంటే వెనుక ఆ రాగానికి చెందని స్వరం ఆగకుండా పలుకుతూ ఉంటుంది. చెవికి ఎందుకు చికాకుగా ఉందో ఇప్పుడు అర్థమవుతుంది కదా!

తంతివాద్యానికి విద్యుత్తు ఎందుకు?

బొబ్బిలి వీణను పనస చెక్కతో చేస్తారు. దానికి 24 మెట్లు, నాలుగు వాయించే తీగలు, మూడు తాళపు తీగలు. చిన్న గదిలో దాని నాదం నిండుగా ఉంటుంది. ఐదు వందల మంది కూర్చున్న హాలులో చివరి వరుసకు చేరదు. మైకు ముందు పెడితే పక్కనున్న మృదంగం, ఫ్యాన్ల గాలి, పిల్లల గోల అన్నీ కలిసి వస్తాయి. అందుకే వాద్యానికే అతికించే 'పికప్'లు వచ్చాయి.

పికప్‌లు ముఖ్యంగా రెండు రకాలు. అయస్కాంతం చుట్టూ సన్నని రాగి తీగ వేల చుట్లు చుట్టినది మొదటి రకం. ఇనుప తీగ కదిలితే అందులో విద్యుత్తు పుడుతుంది. 1931-32 ప్రాంతంలో అమెరికాలో వచ్చిన ఎలక్ట్రిక్ హవాయిన్ గిటారుతో ఇది ప్రచారంలోకి వచ్చింది. రెండో రకం పీజో పికప్. కొన్ని రకాల స్ఫటికాలను, సిరామిక్ బిళ్లలను కంపనం నొక్కితే వాటి నుంచి కొద్దిపాటి వోల్టేజి వస్తుంది. వీణ పలకకు అతికించే చిన్న బిళ్ల సాధారణంగా ఇదే.

ఎలక్ట్రిక్ తంతివాద్యం అనగానే తెలుగువారికి గుర్తొచ్చే పేరు మాండలిన్ శ్రీనివాస్. 1969లో పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ ఐదు తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతం వాయించి, చిన్న వయసులోనే ప్రపంచం దృష్టిని ఆకర్షించాడు. 2014లో చెన్నైలో కన్నుమూశాడు. ఆ చిన్న వాద్యంలో గమకాలు పలకడానికి విద్యుత్తు తోడ్పడింది, తీగ నాదం ఎక్కువసేపు నిలిచేలా చేసింది. ఇక మనం ఇప్పుడు ఉంటున్న కోల్‌కతా సంగతి చూస్తే, హవాయిన్ గిటారు ఈ నగరంలో ఇంటింటి వాద్యంలా పాతుకుపోయింది. సునీల్ గంగూలీ ఎలక్ట్రిక్ గిటారు మీద వాయించిన పాటల రికార్డులు బెంగాలీ ఇళ్లలో మోగని రోజు లేదనేవారు మీ స్నేహితుల ఇళ్లలో ఇప్పటికీ కనిపిస్తారు. లాల్ బజార్, రవీంద్ర సరణి వైపు వెళితే వాద్యాల దుకాణాలు వరుసగా ఉంటాయి. అంటే ఈ హమ్ సమస్య మన తెలుగు వీణకూ, వారి గిటారుకూ ఉమ్మడి ఆస్తి.

ట్యూబు ప్రీయాంప్ అంటే ఏమిటి?

పికప్ నుంచి వచ్చే సంకేతం చాలా బలహీనమైనది. కొన్ని మిల్లీవోల్టుల నుంచి కొన్ని వందల మిల్లీవోల్టుల దాకా ఉంటుంది. దాన్ని మిక్సరుకు అందించేముందు పెద్దది చేసే పెట్టె ప్రీయాంప్. ఆ పనిని ట్రాన్సిస్టరుకు బదులు గాజు వాల్వు చేస్తే అది ట్యూబు ప్రీయాంప్.

వాల్వుకు నూరేళ్లు దాటాయి. 1904లో ఫ్లెమింగ్ రెండు ధ్రువాల వాల్వును, 1906లో లీ డి ఫారెస్ట్ మూడు ధ్రువాల వాల్వును తయారు చేశారు. గాలి తీసేసిన గాజు బుడ్డిలో ఒక హీటరు ఉంటుంది. అది కాథోడును వేడిచేస్తుంది. కాథోడు నుంచి ఎలక్ట్రాన్లు బయలుదేరి ఎదురుగా ఉన్న ప్లేటు వైపు పోతాయి. మధ్యలో గ్రిడ్ అనే సన్నని తీగల జాలి ఉంటుంది. గ్రిడ్ మీద వోల్టేజి రవ్వంత మారినా ప్లేటు దగ్గర ప్రవాహం బాగా మారుతుంది. కాలువ తూము తలుపును వేలెడు ఎత్తు జరిపితే పొలంలోకి పారే నీరు ఎంతో తేడా వస్తుంది కదా, అలాగే. 1927లో కలకత్తా రేడియో కేంద్రం మొదలైన నాటి నుంచి ట్రాన్సిస్టర్లు వచ్చేదాకా రేడియోలు ఎక్కువగా ఈ వాల్వులతోనే పనిచేశాయి. మన దేశంలో 1954లో బెంగళూరులో ఏర్పడిన భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ కూడా రేడియో వాల్వులు తయారు చేసింది.

ప్రీయాంప్‌లలో ఎక్కువగా కనిపించే వాల్వు పేరు 12ఏఎక్స్7. దీనికే ఐరోపా పేరు ఈసీసీ83. ఒక్క గాజు బుడ్డిలో రెండు వాల్వులు ఉన్నట్టు లెక్క. ఒక్కొక్కటి సంకేతాన్ని సుమారు 50 రెట్లు పెంచగలదు. ఇక్కడే చిక్కంతా ఉంది. మొదటి వాల్వు గ్రిడ్ దగ్గర ఒక్క మిల్లీవోల్టు హమ్ చేరిందనుకోండి. మొదటి మెట్టు దాటేసరికి అది 50 మిల్లీవోల్టులు. మధ్యలో ఏమీ తగ్గించకుండా రెండో మెట్టు కూడా 50 రెట్లు పెంచితే రెండున్నర వోల్టులు! సంగీతాన్ని పెంచే పెట్టె మోతను కూడా అంతే శ్రద్ధగా పెంచుతుంది. దానికి ఏది వీణో, ఏది మోతో తెలియదు.

మోత వచ్చే ఐదు దారులు

మొదటిది, పవర్ సప్లయి. వాల్వుల ప్లేట్లకు 250 వోల్టుల వంటి పెద్ద డి.సి. వోల్టేజి కావాలి. ఏ.సి.ని రెక్టిఫయరు ఒకే దిశకు మళ్లిస్తుంది. పూర్తి తరంగ రెక్టిఫయరులో ఊగిసలాటలోని రెండు సగాలూ ఒకే వైపు తిరుగుతాయి కనుక, సెకనుకు 100 దెబ్బలు వస్తాయి. ఈ దెబ్బలను చదును చేసేది ఫిల్టర్ కెపాసిటర్. మన క్వార్టర్ల మీద నీళ్ల ట్యాంకు ఎలాంటిదో ఇది అలాంటిది. మోటారు ఆగి ఆగి నీరు పంపినా కుళాయిలో ధార ఒకేలా వస్తుంది. ట్యాంకు కుంచించుకుపోతే ధార కూడా ఆగి ఆగి వస్తుంది. పాతబడిన ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ లోపల ఎండిపోయి సరిగ్గా అలాగే అవుతుంది. ఆ మోత 100 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది.

రెండోది, హీటరు. 12ఏఎక్స్7 హీటరుకు 6.3 వోల్టుల దగ్గర 0.3 ఆంపియరు కావాలి. చాలా పెట్టెల్లో దీన్ని ఏ.సి.తోనే ఇస్తారు. ఆ వైర్లు గ్రిడ్ వైర్లకు దగ్గరగా పోతే 50 హెర్ట్జ్ మోత దానిలోకి దిగుతుంది. అందుకే హీటరు వైర్లు రెంటినీ జడలా మెలివేసి, పెట్టె మూలల వెంట తీసుకెళతారు. మెలివేస్తే ఒక వైరు ప్రభావాన్ని ఇంకొకటి రద్దు చేస్తుంది.

మూడోది, అయస్కాంత క్షేత్రం. ట్రాన్స్‌ఫార్మర్లు, ట్యూబులైటు చోకులు తమ చుట్టూ 50 హెర్ట్జ్ క్షేత్రాన్ని వ్యాపింపజేస్తాయి. చుట్టలున్న అయస్కాంత పికప్ దాన్ని తీగ కంపనం అనుకొని పట్టేస్తుంది. 1955లో గిబ్సన్ కంపెనీకి చెందిన సెత్ లవర్ దీనికి చక్కటి ఉపాయం కనిపెట్టాడు. రెండు చుట్టలను పక్కపక్కన పెట్టి, వాటి అయస్కాంతాలనూ చుట్టిన దిశనూ వ్యతిరేకంగా అమర్చాడు. తీగ సంకేతం రెండింటిలో కలుస్తుంది. బయటి మోత ఒకదానికొకటి కొట్టుకుపోతుంది. దాని పేరే హమ్‌బకర్.

నాలుగోది, రక్షణ తొడుగు లోపం. పీజో పికప్‌కు చుట్ట లేదు కనుక అయస్కాంత క్షేత్రం బాధ తక్కువ. కానీ దాని అంతర్గత నిరోధం చాలా ఎక్కువ. అందువల్ల గోడలోని వైర్ల నుంచి వచ్చే విద్యుత్ క్షేత్రాన్ని ఏరియల్‌లా పట్టుకుంటుంది. కేబుల్ లోపలి తీగ చుట్టూ అల్లిన రాగి తొడుగు దీనికి గొడుగు. ఆ తొడుగు ఒక చివర తెగితే గొడుగుకు చిల్లు పడినట్టే. కోల్‌కతా తేమలో జాక్‌ల లోపల చిలుము పట్టడం కూడా మామూలే.

ఐదోది, ఎర్త్ లూప్. వేదిక మీద ప్రీయాంప్‌ను ఒక ప్లగ్ పాయింటులో, హాలు చివర మిక్సరును ఇంకొక పాయింటులో పెట్టారనుకోండి. రెండింటికీ ఎర్త్ వైర్లు ఉన్నాయి. వాటిని కలుపుతూ కేబుల్ తొడుగు కూడా ఉంది. ఇప్పుడు ఎర్త్ వైరు, కేబుల్ తొడుగు కలిసి ఒక పెద్ద వలయం అయింది. రెండు చోట్ల ఎర్త్ వోల్టేజి రవ్వంత తేడాగా ఉన్నా ఆ వలయంలో విద్యుత్తు తిరుగుతుంది, మోతగా వినిపిస్తుంది. ఇందులో 50తో పాటు పై స్థాయిలు కూడా కలిసి 'జ్ర్‌ర్' అని గరుకుగా ఉంటుంది.

అన్నిటికంటే ముందు: ఎర్త్ పిన్ను జోలికి పోవద్దు

ఐదో దారి గురించి చదివాక కొందరికి ఒక 'చిట్కా' తోచవచ్చు. ఎర్త్ పిన్ను తీసేస్తే వలయం తెగిపోతుంది కదా, మోత పోతుంది కదా అని. నిజమే, మోత పోతుంది. దానితో పాటు రక్షణ కూడా పోతుంది.

త్రీపిన్ ప్లగ్గులో పైనున్న లావుపాటి పిన్ను ఎర్త్. అది మిగతా రెంటికన్నా పొడుగు, ముందుగా అదే తగలాలని. పెట్టె లోపల ఏదైనా లైవ్ వైరు ఊడి ఇనుప పెట్టెకు తగిలితే, కరెంటు ఎర్త్ ద్వారా భూమిలోకి పోతుంది, ఫ్యూజు ఎగిరిపోతుంది. ఎర్త్ లేకపోతే ఆ పెట్టె 230 వోల్టులతో మౌనంగా కూర్చుంటుంది. ఎలక్ట్రిక్ గిటారులో తీగలన్నీ ఆ పెట్టె ఇనుముకే కలిసి ఉంటాయి. వాయించేవారు ఒక చేత్తో తీగలు పట్టుకొని, ఇంకొక చేత్తో ఎర్త్ ఉన్న మైకును తాకితే, కరెంటు గుండె మీదుగా పోతుంది. 1972 మే నెలలో బ్రిటన్‌లోని స్వాన్సీలో 'స్టోన్ ద క్రోస్' బృందం గిటారు వాద్యకారుడు లెస్ హార్వీ వేదిక మీద ఎర్తింగ్ సరిగా లేని మైకును తాకి ప్రాణం పోగొట్టుకున్నాడు. మోత అనేది చెవికి బాధ మాత్రమే. ఎర్త్ లేకపోవడం ప్రాణానికి ప్రమాదం. ఈ రెంటినీ ఒకే త్రాసులో పెట్టకూడదు.

రెండో జాగ్రత్త, మూత. ప్లగ్గు తీసేసిన తరువాత కూడా ట్యూబు పెట్టెలోని కెపాసిటర్లలో 250 వోల్టుల వంటి వోల్టేజి కొంతసేపు నిలిచే ఉండవచ్చు. దాన్ని మీటరుతో కొలిచి, నిరోధకం ద్వారా ఖాళీ చేయడం తెలిసిన పెద్దవాళ్లే మూత తీయాలి. పిల్లలు తీయకూడదు. ఈ విషయంలో 'కొంచెం చూసి పెడతాను' అనే మాటే లేదు.

మూత తెరవకుండా చేసే ఎనిమిది పరీక్షలు

మంచి వార్త ఏమిటంటే, మూత తెరవకుండానే సగానికి పైగా సంగతులు తెలుస్తాయి. ఒక నోటుబుక్కు దగ్గర పెట్టుకోండి. ఒక్కసారి ఒక్కటే మార్చండి. రెండు ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు. కేబుల్ తీసే ముందు, పెట్టే ముందు మిక్సరు శబ్దం పూర్తిగా తగ్గించండి.

1. వినండి. మోత నున్నగా 'మ్మ్...' అని ఉందా, గరుకుగా 'జ్ర్‌ర్' అని ఉందా? ఫోనులో ట్యూనర్ ఉంటే పెట్టి చూడండి. 50 అయితే హీటరు, అయస్కాంత క్షేత్రం, తొడుగు వంటివి. నున్నటి 100 అయితే ఫిల్టర్ కెపాసిటర్ మీద అనుమానం. చిన్న స్పీకర్లు 50ని సరిగ్గా పలకవు కనుక పెద్ద స్పీకరు దగ్గరే వినండి.

2. ప్రీయాంప్ నుంచి వాద్యం కేబుల్ తీసేయండి. మోత ఆగిపోతే తప్పు వాద్యంలోనో కేబుల్‌లోనో ఉంది. ఆగకపోతే పెట్టెలోనో దాని తరువాతో ఉంది.

3. ప్రీయాంప్ వాల్యూమ్ సున్నాకు తిప్పండి. మోత పోతే అది వాల్యూమ్‌కు ముందున్న మెట్టులో పుట్టింది. అలాగే ఉంటే తరువాతి మెట్టులోనో పవర్ సప్లయిలోనో పుట్టింది.

4. కేబుల్ మార్చండి. మంచిదని తెలిసిన కేబులు ఒకటి ఎప్పుడూ వేరుగా ఉంచుకోవాలి.

5. ప్రీయాంప్, మిక్సరు రెంటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో, ఎర్త్ తోనే పెట్టి చూడండి. గరుకు మోత పోతే అది ఎర్త్ లూప్.

6. వాద్యాన్ని మెల్లగా పక్కకు తిప్పండి, ఒక మీటరు దూరం జరపండి. దిశతో పాటు మోత మారితే అది అయస్కాంత క్షేత్రం.

7. ట్యూబులైట్లు, ఎలక్ట్రానిక్ ఫ్యాను రెగ్యులేటర్లు, లైట్ల డిమ్మర్లు, ఫోను చార్జర్లు ఒక్కొక్కటే ఆపండి. దేన్ని ఆపితే మోత తగ్గిందో రాసుకోండి.

8. ఎలక్ట్రిక్ గిటారు తీగల మీద చెయ్యి వేస్తే మోత తగ్గుతుందేమో చూడండి. తగ్గితే తొడుగు పని సరిగా లేదని అర్థం. అయితే ఎర్తింగ్ సరిగా ఉందని ఎలక్ట్రీషియన్ చెప్పిన చోటే ఈ పరీక్ష చేయాలి.

మన హాలులో ఇది ఎలా పనిచేసింది?

మా విద్యార్థుల్లో తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకరు వీణ వాయిస్తుంది. వాళ్ల నాన్నగారి బదిలీ ఉత్తర్వు అప్పటికే వచ్చింది. వార్షికోత్సవంలో మూడు శ్రుతిలో మోహన వర్ణం వాయించాలని అనుకుంది. ఆ స్కూల్లో ఆమెకు అదే ఆఖరి కచేరీ. ఆమె తాతయ్యగారు ఖరగ్‌పూర్‌లో రైల్వే సిగ్నల్ విభాగంలో పనిచేసి రిటైరైనవారు. ఆయన తన చేతులతో కట్టిన రెండు వాల్వుల పెట్టెనే వాడాలని ఆమె పట్టుదల. రిహార్సలులో పెట్టె ఆన్ చేయగానే హాలంతా మోత. సౌండు చూడటానికి బయటి నుంచి వచ్చిన అబ్బాయి ఎర్త్ పిన్ను లాగేద్దామన్నాడు. ఆ అమ్మాయి తాతయ్యకు ఫోను చేసింది. ఆయన అన్నది ఒక్కటే మాట: "అమ్మడూ, మోత ఉన్నా సరే వాయించు. ఆ పిన్ను మాత్రం ముట్టనివ్వకు."

దాంతో మేము, సైన్సు టీచరు, ఆ అమ్మాయి కలిసి పై పరీక్షలు మొదలుపెట్టాము. వీణ కేబుల్ తీస్తే మోత కొంచెం తగ్గింది, కానీ ఆగలేదు. అంటే కారణాలు ఒకటి కంటే ఎక్కువ. వేదిక మీది పాయింటు వదిలి, మిక్సరు ఉన్న బోర్డు నుంచే పొడవాటి ఎక్స్‌టెన్షన్ లాగి పెట్టెకు కరెంటు ఇచ్చాము. గరుకు మోత చప్పున మాయమైంది. అది ఎర్త్ లూప్. మిగిలింది నున్నటి మోత. వాల్యూమ్ సున్నాకు తిప్పినా అలాగే ఉంది. ట్యూనర్ 100 దగ్గర నిలిచింది. పవర్ సప్లయిదే అని నోటుబుక్కులో రాసుకున్నాము. ఇక వీణ కేబుల్‌ను కదిలిస్తే మోత హెచ్చుతగ్గులయ్యేది. అదే రకం ఇంకో కేబుల్ పెడితే ఆ తేడా పోయింది.

మూడు కారణాల్లో రెండు మా చేతుల్లోనే తీరాయి. మూడోదానికి చాందినీ చౌక్ ఎలక్ట్రానిక్స్ బజారులో పాత రేడియోలు బాగుచేసే పెద్దాయన దగ్గరికి పెట్టెను పంపాము. నోటుబుక్కు పేజీ కూడా పంపాము. ఆయన దాన్ని చదివి, నేరుగా ఫిల్టర్ కెపాసిటర్లనే పరీక్షించి, రెండింటినీ మార్చారు. హీటరు వైర్లు చక్కగా మెలివేసి ఉన్నాయని, కట్టినవారి చెయ్యి మంచిదని అన్నారు. ఆ మాట విన్నప్పుడు ఆ అమ్మాయి ముఖం చూడాలి!

కచేరీ రోజున పూర్తి నిశ్శబ్దం వచ్చిందా అంటే, రాలేదు. ఏ వాల్వు పెట్టెలోనైనా సన్నని 'స్స్' శబ్దం కొంత ఉంటుంది. అది దాని స్వభావం. కానీ వర్ణం చివర మంద్ర షడ్జం మీటి చెయ్యి తీసినప్పుడు, ఆ నాదం పూర్తిగా కరిగిపోయేదాకా చివరి వరుసలో కూర్చున్నవారికి కూడా వినిపించింది.

పెట్టె లోపలి పని: తెలిసినవారికి ఏం చెప్పాలి?

మరమ్మతు చేసేవారి దగ్గరికి వెళ్లినప్పుడు 'మోత వస్తోంది' అని మాత్రమే చెబితే వారు మొదటి నుంచి వెతకాలి. మీ పరీక్షల ఫలితం చెబితే సగం పని అయిపోయినట్టే. వారు సాధారణంగా ఈ వరుసలో చూస్తారు. ముందు కెపాసిటర్లలోని వోల్టేజి ఖాళీ చేయడం. తరువాత ఫిల్టర్ కెపాసిటర్లు ఉబ్బాయా, ఎండిపోయాయా అని చూడటం. మార్చేటప్పుడు వోల్టేజి స్థాయి పాతదానికంటే తగ్గకూడదు. ధన, రుణ చివరలు తారుమారు కాకూడదు. ఆపైన మొదటి వాల్వును ఇంకొక మంచి వాల్వుతో మార్చి చూడటం. కొన్ని వాల్వుల్లో హీటరుకు, కాథోడుకు మధ్య లీకేజి ఉండి మోత పుడుతుంది. ఆ తరువాత లోపలి ఎర్త్ వైర్లన్నీ ఒక పద్ధతిలో ఒకచోట కలుస్తున్నాయా అని. చివరగా ట్రాన్స్‌ఫార్మరు మొదటి వాల్వుకు మరీ దగ్గరగా ఉందా అని.

రెండు పిన్నుల తీగతో ఉన్న పాత పెట్టెలు కూడా కొందరి ఇళ్లలో ఉంటాయి. వాటికి మోత ఉన్నా లేకపోయినా, ముందు త్రీపిన్ తీగ వేయించి, ఇనుప పెట్టెకు ఎర్త్ కలిపించాలి. ఎర్త్ లూప్ ఒకే బోర్డుతో కూడా పోకపోతే, సంకేతం దారిలో ట్రాన్స్‌ఫార్మరు ఉన్న డి.ఐ. బాక్సు పెడతారు. దాని మీద 'గ్రౌండ్ లిఫ్ట్' అనే మీట ఉంటుంది. అది ఆడియో కేబుల్ తొడుగును మాత్రమే విడదీస్తుంది. ప్లగ్గులోని ఎర్త్ అలాగే ఉంటుంది. వలయం తెంచవలసింది అక్కడ, గోడ దగ్గర కాదు.

ఊరు మారితే

మేమూ మీలాగే బదిలీల మీద ఊళ్లు తిరిగినవాళ్లమే. ఒకచోట నిశ్శబ్దంగా ఉన్న పెట్టె ఇంకొక క్వార్టరులో మోత పెట్టడం మాకు అలవాటే. పెట్టె మారలేదు, గోడలోని వైర్లు మారాయి. కొత్త ఇంట్లో సామాను దించిన మరునాడే ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి ప్లగ్ పాయింట్లలో ఎర్త్ ఉందో లేదో చూపించమని మీ నాన్నగారికో అమ్మగారికో చెప్పండి. మెయిన్ బోర్డులో 30 మిల్లీఆంపియర్ల లీకేజికే కరెంటు ఆపేసే ఆర్.సి.సి.బి. ఉందో లేదో కూడా అడగండి. వీణకే కాదు, గీజరుకూ వాషింగ్ మెషీనుకూ ఇది కావాలి.

ఒక చిన్న సంచీలో మంచి కేబుల్ ఒకటి, ఎర్త్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు ఒకటి, మీ పరీక్షల నోటుబుక్కు ఒకటి పెట్టుకోండి. ప్రతి ఊరి పేరు రాసి, అక్కడ మోత ఎలా ఉందో, దేనితో తగ్గిందో రెండు వాక్యాలు తెలుగులో రాయండి. నాలుగు ఊళ్లు తిరిగేసరికి ఏ పుస్తకంలోనూ దొరకని పాఠం మీ చేతిలో ఉంటుంది. ఈ వ్యాసం చదివి మీ ఇంట్లోనో స్కూల్లోనో ఏదైనా మోతకు కారణం కనిపెడితే, ఆ పేజీని వచ్చే సంచిక కోసం తెలుగు విభాగానికి ఇవ్వండి.